నేరకథల్లో చావూ, జంట కలయికా

1

విమర్శకుడికి ప్రశ్నలన్నీ పుస్తకాల్లోంచే పుట్టవు. ఈ వ్యాసానికి కారణమైన ప్రశ్న రెడ్డిగూడెంలో, మామిడికాయలు ఏరే పాకలో, ఒక ముసలమ్మ నోట వచ్చింది.

నూజివీడు ప్రాంతం ఎరిగినవారికి అక్కడ వేసవి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ ఒకదాని వెనక ఒకటి దిగుతూనే వుంటాయి. పొద్దున కోత, మధ్యాహ్నం ఏరివేత, రాత్రికి నున్న మార్కెట్టుకో దూరదేశానికో లారీ. లారీ రావడం ఆలస్యమైతే పాకలోవాళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. గత వేసవిలో అలాంటి ఒక సాయంత్రం, గుంటూరులో చదువుకుంటూ సెలవులకు వచ్చి కోతలో కూలికి కుదిరిన ఒక కుర్రవాడు తన ఫోనులో ఒక అమెరికా నేరకథా ధారావాహిక పెట్టి, పక్కవాళ్లకు తెలుగులో కథ చెబుతున్నాడు. నేనూ అక్కడే వున్నాను.

ఆ ధారావాహిక పేరు 'బోన్స్'. 2005 నుంచి 2017 వరకు అమెరికాలో ప్రసారమైంది. ఎముకలను పరీక్షించి హత్యల గుట్టు విప్పే ఒక శాస్త్రజ్ఞురాలు, ఆమెతో కలిసి పనిచేసే ఒక ప్రభుత్వ నేరపరిశోధనాధికారి అందులో నాయికా నాయకులు. ఆ కుర్రవాడు చూపించింది 2011 మే నెలలో వచ్చిన భాగం. ప్రయోగశాలలో వారి తోటి పనివాడు, ఒక యువకుడు, తుపాకి గుండుకు బలి అవుతాడు. ఆ రాత్రే నాయిక నాయకుడి గదికి వచ్చి ఏడుస్తుంది. అతడు ఆమెను అక్కున చేర్చుకుంటాడు. ఎన్నో ఏళ్లుగా దగ్గరై, దూరమై, మళ్లీ దగ్గరవుతూ వచ్చిన జంట ఆ రాత్రితో ఒకటవుతుంది.

పాకలో అందరికీ కళ్లు చెమ్మగిల్లాయి. నాకూ చెమ్మగిల్లాయని ఒప్పుకోవాలి. అప్పుడు ఆ ముసలమ్మ, చేతిలోని కాయను తిప్పి తొడిమె చూస్తూ, "ఒరే అబ్బాయ్, ఆ సచ్చిపోయిన పిల్లోడి తల్లికి ఎవరు సెప్పార్రా?" అని అడిగింది.

"అది కథలో చూపించలేదు మామ్మా" అన్నాడు కుర్రవాడు.

"సూపించకపోతే మాత్రం, తల్లి లేకుండా పుట్టాడా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంతలో లారీ వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. సాహిత్యంలో నిజాయితీ అనే విషయం మీద నేను చదివిన చాలా వ్యాసాలకన్నా అది సూటిగా వున్నది.

2

ముందుగా ఆ రచనకు న్యాయం చెయ్యాలి. విదేశీ వ్యాపార సంస్థ తయారుచేసిన సరుకు గనుక పనికిరానిదే అయివుంటుందని తేల్చడం విమర్శ కాదు, సోమరితనం.

కథ ఇది. బ్రాడ్‌స్కీ అనే హంతకుడు చాటునుంచి గురిచూసి కాల్చడంలో సిద్ధహస్తుడు. ఒకప్పుడు సైన్యంలో నాయకుడికి గురువు. నాయకుడు బూత్ అతణ్ణి పట్టుకునే ప్రయత్నంలో వుండగా ఫోను మోగుతుంది. బూత్ ఆ ఫోనును పక్కనే వున్న విన్సెంట్ అనే శిక్షణ సహాయకుడి చేతికిస్తాడు. ఎత్తినవాడు బూత్ అనుకుని బ్రాడ్‌స్కీ పేలుస్తాడు. అంటే నాయకుడి కోసం బయలుదేరిన గుండు ఆ కుర్రవాడికి తగిలింది. నాయిక బ్రెనన్, బూత్ ఇద్దరూ అతణ్ణి పొదివి పట్టుకుంటారు. నన్ను పంపించెయ్యవద్దు, నాకిక్కడే బాగుంది అని వేడుకుంటూ ఆ యువకుడు ప్రాణం విడుస్తాడు.

ఆ రాత్రి నాయికను నిద్రపోనివ్వనిది ఈ చివరి మాటలే. ఆమె మాటకు మాట అర్థం చెప్పుకునే మనిషి. అతడు తనవైపే చూస్తూ అన్నాడు గనుక తననే వేడుకున్నాడని అనుకుంటుంది. పనిలోంచి తీసివేస్తానని భయపడ్డాడా, చావబోతూ కూడా ఆ భయమేనా, నేను అంత కఠినురాలినా అని కుమిలిపోతుంది. బూత్ ఓదారుస్తాడు. అతడు నీతో అనలేదు, దేవుడితో అన్నాడు, బతకాలన్న ఆశతో అన్నాడు అని నచ్చజెబుతాడు. ఆమె దుఃఖం కరుగుతుంది. కెమెరా మర్యాదగా తప్పుకుంటుంది.

శిల్పం దృష్టితో చూస్తే ఇది మంచి రచన. జంట కలయికకు కారణం వెన్నెల కాదు, పాట కాదు. ఒకరికి తాను చంపించానన్న బాధ, మరొకరికి తాను భయపెట్టానన్న బాధ. రెండు అపరాధ భావాలు ఒకదాన్నొకటి ఆసరా చేసుకున్నాయి. ఏడాది ముందు అతడు మనసు విప్పి చెప్పినప్పుడు కాదన్న స్త్రీ ఈనాడు తానై వచ్చిందంటే మనం నమ్ముతాం. అన్నింటినీ ఎముకల కొలతలతో తేల్చగలనన్న ఆమె ధీమా ఒక మాట అర్థం దగ్గర విరిగిపోయింది గనుక నమ్ముతాం.

అయితే ఈ బలం దగ్గరే బలహీనత కూడా వుంది. చచ్చిపోతున్న యువకుడి మాటలో నాయిక విన్నదేమిటి? ఒక పనివాడు యజమానితో చేసుకున్న మనవి. ఆమె తప్పుగానే విన్నదనుకుందాం. కాని అలా వినడానికి ఆధారం లేదా? ఆ ప్రయోగశాలలో శిక్షణ సహాయకులు వంతులవారీగా వస్తారు. ఈ వారం ఒకడు, పై వారం మరొకడు. అందరూ ఆమె మెప్పుకోసం పోటీ పడవలసిందే. అలాంటి చోట ఉద్యోగ భయం ఒకరి గుణదోషం కాదు. పని ఏర్పాటులోనే వుంది. తన జీవితంలో మొదటిసారిగా నాయిక ఆ ఏర్పాటును కిందివాడి కళ్లతో చూడబోయింది.

సరిగ్గా అక్కడే కథ తలుపు మూసేసింది. బూత్ ఇచ్చిన జవాబు ఎంత దయగలదో అంత అనుకూలమైనది. పనివాడి మనవిని దేవుడి చిరునామాకు మళ్లించింది. దేవుడితో అన్న మాటకు యజమాని జవాబు చెప్పుకోనవసరం లేదు. నేను ఎలాంటి యజమానిని అన్న ప్రశ్న పక్కకు పోయి, నన్ను పట్టుకో అన్న వేడికోలు మిగిలింది. మొదటిది సామాజికమైన ప్రశ్న, రెండవది ప్రణయం. మొదటిదాన్ని రెండవది మింగింది.

మరునాటి కథలో హంతకుడు పట్టుబడతాడు. సహచరులంతా విన్సెంట్‌కు ఇష్టమైన సరదా పాట పాడుతూ శవపేటికను బండి ఎక్కిస్తారు. ఆ దృశ్యం నిజంగా హృదయాన్ని తాకుతుంది. కాని పేటిక దిగేచోట ఎవరు ఎదురువస్తారో మనం చూడం. తరువాతి భాగం చివర నాయిక గర్భవతి అన్న వార్త వింటాం. ఒక తల్లికి కొడుకు పోయాడు, ఇంకొక స్త్రీ తల్లి కాబోతున్నది. ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టగల కథే అది. నిలబెట్టలేదు. ముసలమ్మ అడిగింది దాని గురించే.

3

మనవాళ్లకు శ్మశాన వైరాగ్యం అనే మాట వుంది. కాటి దగ్గర నిలబడినంతసేపు అన్నీ మిథ్య అనిపిస్తుంది, స్నానం చేసి ఇంటికి రాగానే పోతుంది. నేరకథ చూపేది దీనికి తలకిందుల స్థితి. దీన్ని శ్మశానానురాగం అనవచ్చునేమో. చావు ముందు మనిషి వదులుకోవడం కాదు, పట్టుకోవడం. ఇది అబద్ధం కాదు. శవం లేచిన ఇంట్లో ఆ రాత్రి భార్యాభర్తలు పాత తగువులు మరిచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చోవడం మనం ఎరిగినదే.

కొందరు మిత్రులు ఇక్కడే ఆక్షేపణ చెబుతారు. "సహజమైనదాన్ని చిత్రిస్తే తప్పేమిటి? ప్రతి కథలోనూ చచ్చినవాడి తల్లినీ, పెళ్లాన్నీ, అప్పులనూ చూపించాలంటే అది కథ అవుతుందా, పంచనామా అవుతుందా?" అని.

ఆక్షేపణ సరైనదే. కథకుడు అన్నీ చూపలేడు. కాని ఏది దేనికి లోబడి వుండాలన్న విచారణ మన ప్రాచీనులే చేశారు. శృంగారానికి కరుణ విరోధి అని అలంకారశాస్త్రం. విరోధి రసాలు ఒకచోట చేరవలసివస్తే ఒకటి అంగి, మరొకటి అంగం కావాలి. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు దీనికి భారతంలోని స్త్రీపర్వం నుంచి ఒక ఘట్టం ఉదాహరణగా చూపాడు. యుద్ధభూమిలో భూరిశ్రవుడి భార్య, తెగిపడిన భర్త చేతిని గుర్తుపట్టి, ఆ చెయ్యి ఒకనాడు తనను ఎలా లాలించిందో తలుచుకుని విలపిస్తుంది. అక్కడ శృంగార స్మృతి వుంది, కాని అది కరుణకు బలమిస్తున్నది. ఆ చెయ్యి ఎవరిదో, అది ఎవరికి ఏమిటో మనం ఒక్క క్షణం కూడా మరిచిపోం.

నేరకథ ఈ వరసను తిరగవేసింది. కరుణ అంగమైంది, శృంగారం అంగి అయింది. చావు ప్రణయానికి దూతిక పనిచేస్తున్నది. పాత ప్రబంధాల్లో ఆ పని చిలకలూ హంసలూ చేసేవి. పని పూర్తయ్యాక హంస ఏమైందని ఎవరూ అడగరు. మనిషిని హంస స్థానంలో నిలబెట్టినప్పుడు మాత్రం అడగవలసివస్తుంది.

ఇంకొక సంగతి. దూతికగా ఎవరు నియమితులవుతున్నారు? నాయకుడు కాడు, నాయిక కాదు, పై అధికారి చాలా అరుదు. సాధారణంగా వయసులో చిన్నవాడు, హోదాలో చిన్నవాడు, నవ్వించేవాడు, ఎవరికీ అడ్డురానివాడు. అతడు చస్తే ఏడుపు వస్తుంది, కాని కథ ఆగదు. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. సమాజంలో ఎవరి ప్రాణం చవకో కథలోనూ వారి ప్రాణమే చవక. కథకుడు బజారు ధరను రాసుకుని వస్తున్నాడు.

4

మన తెలుగు చలనచిత్రాల్లో నేరకథకు లోటు లేదు. 1989లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'శివ' మన బెజవాడ కాలేజీల రౌడీయిజం నుంచి స్ఫూర్తి పొందిన చిత్రం. అందులో మల్లి అనే స్నేహితుడు హత్యకు గురవుతాడు. అంతకుముందు మన చిత్రాల్లో నాయకుడి స్నేహితుడంటే తరచుగా హాస్యానికి పనికివచ్చే మనిషి. మల్లి చావుతో ఆ నవ్వు ఆగిపోవడమే ఆనాటి ప్రేక్షకులను కుదిపింది. హింసకు ఖరీదు వుంటుందని ఆ చిత్రం గుర్తుచేసింది. ఆ మేరకు అది ముందడుగు. కాని ఆ ఖరీదు త్వరలోనే నాయకుడి కోపంగా మారిపోతుంది. మల్లి అనే కుర్రవాడికన్నా మల్లి వల్ల శివలో రేగిన మంట మనకు ఎక్కువ గుర్తుంటుంది.

2004లో గౌతమ్ మీనన్ తీసిన 'ఘర్షణ', అంతకు ముందు సంవత్సరం తమిళంలో అతడే తీసిన 'కాక్క కాక్క'కు తెలుగు రూపం. మనం చర్చిస్తున్న విషయానికి ఇది ఇంకా దగ్గరది. ఇందులో పోలీసు అధికారికీ, టీచరు మాయకూ ప్రేమ, పెళ్లి. అతడి సహచర అధికారికి కూడా భార్య వుంది. నేరస్థుడు ముందు ఆ సహచరుడి భార్యను పట్టుకుంటాడు. ఆమెను కాపాడుకోవడానికి అతడు స్నేహితుడి ఆచూకీ చెప్పేస్తాడు. చివరకు ఆమె దక్కదు. అతడు తనను తానే కాల్చుకుంటాడు. నాయకుడు మాయను చేరుకునే సరికి ఆమె ప్రాణాలూ దక్కవు.

ఈ ఇతివృత్తంలో ఒక అరుదైన మంచి వుంది. చచ్చే సహచరుడు ఒంటిగాడు కాడు. అతడికీ ప్రేమించే మనిషి వుంది. ఇద్దరు భర్తలు, ఇద్దరు భార్యలు, ఒకే ఆపద. ఒకడు లొంగాడు, ఒకడు లొంగలేదు. లొంగినవాడి భార్య మీద లొంగనివాడి భార్యమీదకన్నా ప్రేమ తక్కువా? అని అడిగితే గొప్ప విషాదాంతం పుట్టేది. కాని చిత్రం అతణ్ణి ద్రోహిగా మార్చి, తన శిక్ష తానే వేసుకునేలా చేసి, తొందరగా పక్కకు తప్పించింది. దుఃఖించే హక్కు మళ్లీ నాయకుడికే మిగిలింది. పైగా కోర్టుల దాకా పోనివ్వకుండా కాల్చిపారేసే అధికారులే ఇందులో వీరులు. సహచరుడి చావు, భార్య చావు ఆ కాల్పులకు నైతికమైన అనుమతి పత్రాలుగా పనిచేస్తాయి. ఎన్‌కౌంటర్ల చరిత్ర గల తెలుగు నేల మీద ఇది అమాయకమైన కథనం కాదని వేరే చెప్పనక్కరలేదు.

పోలీసుల చావును ఈ కథలు గౌరవిస్తున్నాయని కూడా నేననుకోను. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. ఏటా ఆ తేదీన దేశమంతటా, విధినిర్వహణలో పోయినవారిని తలుచుకుంటారు, వారి పేర్లు చదువుతారు. ప్రభుత్వ లాంఛనం అనండి, ఏమైనా అనండి. అక్కడ ఒక పేరు తరువాత మరొక పేరు వినబడుతుంది. ఏ పేరూ ఇంకొకరి ప్రేమకథలో మలుపు కాదు. ఈ చిన్న మర్యాద కూడా మన నేరకథలు పాటించడం లేదు. ఇక కరెంటు తీగ తగిలి పోయినవాడికీ, చెట్టుమీంచి పడి పోయినవాడికీ అలాంటి తేదీ కూడా లేదు.

5

అయితే ఇంకొక విధంగా రాయడం సాధ్యమేనా? సాధ్యమేనని చెప్పడానికి ఆధునిక సాహిత్యం దాకా రానక్కరలేదు. శూద్రకుడి మృచ్ఛకటికం వుంది. దొంగతనం, జూదం, హత్యాప్రయత్నం, తప్పుడు సాక్ష్యం, న్యాయస్థానం, మరణశిక్ష అన్నీ వున్న నాటకం. నేరకథా రూపకం అనడానికి దీనికి లేని లక్షణమేమిటి?

పదో అంకంలో చారుదత్తుణ్ణి వధ్యస్థానానికి తీసుకుపోతారు. అతడు చంపాడనుకున్న వసంతసేన ప్రాణాలతో ఎదురువస్తుంది. కత్తి నీడలో ప్రేమికుల కలయిక. మన ధారావాహికలు కలగనే సన్నివేశం ఇదే. కాని శూద్రకుడు ఆ ఇద్దరి కౌగిలి దగ్గర తెర దించలేదు. ఆమెను బతికించినవాడు ఒక భిక్షువు. ఒకప్పుడు ఒళ్లు పిసికి బతికినవాడు, జూదంలో అతడు పడ్డ అప్పును ఆమె తీర్చింది. అసలు నిజం చెప్పడానికి మేడమీంచి దూకినవాడు స్థావరకుడనే బానిస. అతడి మాట ఎవరూ నమ్మలేదు. అంతలో పాలకుడి రాజ్యం కూలి, గోపాలకుడైన ఆర్యకుడు రాజవుతాడు. అప్పుడు ఎవరికేమి కావాలన్న లెక్క మొదలవుతుంది. స్థావరకుడు బానిసత్వం నుంచి విముక్తుడవుతాడు. భిక్షువు విహారాలకు పెద్ద అవుతాడు. కాపలా అధికారి చందనకుడికి ఉన్నతోద్యోగం, చివరకు తలారులకు కూడా వారి కులంలో పెద్దరికం. వసంతసేనకు వధువన్న గౌరవం.

ఈ పంపకంలో ఆ కాలపు హద్దులు వున్నాయి. తలారిని తలారిగానే వుంచి పెద్దను చేశారు. ఆ మాట మనం అనవలసిందే. కాని నాటకకర్తకు ఒక సంగతి తెలుసు. ఇద్దరు ప్రేమికులు బతికి కలుసుకోవడానికి ఎందరు శ్రమించారో, ఎందరు దెబ్బలు తిన్నారో అతడు గుర్తుపెట్టుకున్నాడు. ఆనందాన్ని ఇద్దరికే దోచిపెట్టలేదు. అప్పు తీర్చాకనే తెర దించాడు.

6

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. మనమూ నిర్దోషులం కాము. మన అభ్యుదయ కథల్లో, నాటకాల్లో అమరుడి శవం దగ్గర నాయికా నాయకులు చేతులు కలిపి ముందుకు సాగడం ఎన్నిసార్లు చూడలేదు? అక్కడ తుపాకికి బదులు జెండా వుండవచ్చు. చచ్చినవాడు మాత్రం అలాగే దూతిక అయ్యాడు. నేనూ ఆ పని చేశాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అది.

చాలా ఏళ్ల కిందట మా ప్రాంతంలో ఒక తోటలో కోత జరుగుతుండగా ఒక కూలీ చెట్టుమీంచి పడి చనిపోయాడు. కిందినుంచి చిక్కం కట్టిన గెడకు అందని చిటారు కొమ్మల కాయలకోసం ఎక్కాడు. ఆ రోజు ఆ చెట్టు ఎక్కవలసినవాడు వేరొకడు. వాడికి జ్వరంగా వుందని ఇతడు ఎక్కాడు. ఆ జ్వరపు మనిషికీ అతడి భార్యకూ అప్పటికి రెండేళ్లుగా మాటలు లేవు. ఆమె పుట్టింట్లో వుంటున్నది. వార్త విన్న సాయంత్రమే పిల్లను చంకన వేసుకుని నడిచి వచ్చింది. "ఆ చెట్టు నువ్వెక్కాల్సిందంట గదా" అన్నదట. అంతకుమించి ఏమీ అనుకోలేదట. మళ్లీ విడిపోలేదు.

నేను అది విని కదిలిపోయి కథ రాశాను. ఒక సాయంత్రం నలుగురినీ పిలిచి గ్రంథాలయంలో చదివాను. కథ ఆ దంపతుల కలయికతో ముగిసింది. బాగుందన్నారు. చివరి వాక్యాన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు బాగానే వుంది. తల ఎత్తి చూస్తే వెనక గోడవారగా చచ్చిపోయినవాడి భార్య కూర్చుని వున్నది. ఎవరో పిలుచుకు వచ్చారు. తన మనిషి గురించి ఏదో చదువుతారని వచ్చింది. నా కథలో అతడు రెండు పేరాలు వున్నాడు. అతడికి నేను పెట్టిన పేరు కూడా అతడిది కాదు, ఎవరిదీ కాదు. ఆమె ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

నేను వదిలేసిన సంగతులు ఇవి. తోట యజమాని, కాపు నేను అమ్మేశాను, నాకు సంబంధం లేదన్నాడు. కాపు కొన్న వ్యాపారి, తోట నాది కాదు, కూలీలను తెచ్చింది మేస్త్రీ అన్నాడు. మేస్త్రీ, నేనూ కూలీనే అన్నాడు. అది నిజమే. ఈ ముగ్గురి మధ్య ఒక మనిషి చావు ఎవరికీ చెందకుండా పోయింది. మళ్లీ కలిసిన ఆ దంపతులు మాత్రం ఆ కాపు అయ్యేదాకా వారానికి ఒకరోజు కూలి ఆ ఇంటికి ఇచ్చి వచ్చారు. ఎవరూ అడగలేదు. అతడు చెట్టెక్కిన రుణం అది అని వాళ్లు అనుకున్నారు.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. కాని కథ బిగువు తగ్గుతుందని వదిలేశాను. కలయికలోని తీపి చెడుతుందని వదిలేశాను. జీవితంలో ఆ జంట చచ్చినవాణ్ణి మరవలేదు, వారి కలయిక ఆ రుణంతో కలిసే నడిచింది. కథలో నేను వారిచేత మరిపించాను. అంటే ఉన్నవాళ్లను ఉన్నదానికన్నా చిన్నవాళ్లను చేశాను. వాస్తవికతకు ఇంతకన్నా ద్రోహం ఏముంటుంది?

7

కనుక నేను చెప్పదలచింది ప్రణయం వద్దని కాదు. చావు దగ్గర మనిషి మనిషిని వెతుక్కోవడం ఉన్నతమైన సంగతే. ఆ వెతుకులాట ఇద్దరి దగ్గర ఆగిపోవడం మీదనే నా ఫిర్యాదు. నాకు తగలవలసిన గుండు అతడికి తగిలింది అన్న తెలివి నిజమైనదైతే అది గదిలోకి మాత్రమే దారి తియ్యదు. చచ్చినవాడి ఇంటికీ, అతణ్ణి ఆ చోట నిలబెట్టిన ఏర్పాటుకూ కూడా దారి తీస్తుంది. తియ్యకపోతే ఆ దుఃఖం ఒక రాత్రి దుఃఖమే, శ్మశాన వైరాగ్యానికి తోబుట్టువే.

కథ పంచనామా కావాలని నేననడం లేదు. ముసలమ్మ కోరింది ఒక్క దృశ్యం. ఎవరో ఒకరు ఫోను తీసి, అమ్మా అని, ఆగిపోవడం. 'బోన్స్' నాయిక ఆ పని చేసివుంటే? తన కింద పనిచేసిన కుర్రవాడి తల్లికి స్వయంగా చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ, అవి దొరక్క, అప్పుడు బూత్ గది తలుపు తట్టివుంటే? కలయిక అక్కడే వుంటుంది, కౌగిలి కూడా వుంటుంది. దాని బరువు వేరుగా వుంటుంది. కరుణ అంగి అవుతుంది. అందుకు అదనంగా కావలసింది అర నిమిషం. అర నిమిషం ఖర్చు పెట్టలేనిది సమయం లేక కాదు, చూపు లేక.

నేరకథలు జనంలోకి ఎంత దూరం పోతున్నాయో మనకు తెలుసు. రెడ్డిగూడెం మామిడి పాక దాకా వచ్చాయి. వాటిని చూసి పెదవి విరిస్తే లాభం లేదు. వాటిని చూసేవాళ్లు ఏమి అడుగుతున్నారో వినాలి. ఆ పాకలో కథ విని కన్నీరు పెట్టినవారిలో ఆ ప్రశ్న వెయ్యగలిగింది, సాహిత్యంతో ఏ సంబంధమూ లేని మనిషి. ఆమె జీవితంలో ఎందరి తల్లులకు కబురు మోసిందో నేను అడగలేదు.

నా పాత కథను మళ్లీ రాయాలని ఈమధ్య కూర్చున్నాను. ఈసారి అచ్చుకు ఇచ్చేముందు దాన్ని ఒక ఇంటికి తీసుకుపోయి చదివి వినిపించాలి. ఆమె ఒప్పుకుంటే అతడి పేరు అతడికే వుంచుతాను. ఒప్పుకోకపోతే ఆ కథ నాది కాదు.